గ్రామసభలో మాట, ఎం-బుక్కులో కొలత

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ కింద ఏ పనులు చేపట్టాలో ఊరే చెప్పాలన్నది ఉద్దేశం. ఇంత పెద్ద ఎత్తున సభలు పెట్టడం చిన్న విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే. అయితే ఊరి మాట చెల్లిందో లేదో ఆ ఒక్క రోజుతో తేలదు. సభకు ముందు పంచాయతీ ఖాతాలో ఎంత ఉందో ఊరికి తెలిసిందా? సభలో అన్నది తీర్మానాల పుస్తకంలోకి అదే రూపంలో ఎక్కిందా? పని పూర్తయ్యాక కొలతల పుస్తకంలో (ఎం-బుక్) రాసిన అంకె నేలమీద ఉన్నదానితో సరిపోయిందా? తెలుగు రాష్ట్రాల్లో ఊరి మాట నుంచి పని దాకా ఉన్న గొలుసు తెగుతున్నది ఈ మూడు చోట్లే. ఈ మూడూ ఊరివాళ్లు సరిచేసుకోగలిగినవే.

చట్టం ఇచ్చిందెంత

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో గ్రామసభకు రాజ్యాంగ హోదా దక్కింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులు. కానీ ఆ సభకు ఏయే అధికారాలు ఉండాలన్నది 243ఎ అధికరణం రాష్ట్ర శాసనసభలకు వదిలేసింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గడచిన ఏడాది పాలన నివేదిక, చేపట్టబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు, పథకాలకు లబ్ధిదారుల ఎంపిక సభ ముందు పెట్టాలి. సభ సూచనలను పంచాయతీ పరిగణనలోకి తీసుకోవాలి. అంతవరకే. సభ వద్దన్న పనిని పాలకవర్గం చేపడితే ఆ పని ఆగిపోదు.

తెలంగాణ 2018లో కొత్త చట్టం తెచ్చుకుని రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని నిర్దేశించింది. ఓటర్ల సంఖ్యను బట్టి కోరం కూడా పెట్టింది: 500 మంది లోపు ఓటర్లుంటే 50 మంది, 1,001 నుంచి 3,000 దాకా ఉంటే 150 మంది హాజరు కావాలి. ఏడాదిలో కనీసం రెండు సభల్లో మహిళలు, వృద్ధులు, దివ్యాంగుల అవసరాలు చర్చకు రావాలి. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు-సంతలు అనే నాలుగు అంశాలకు స్థాయీ సంఘాలూ ఉన్నాయి. ఆచరణలో ఈ సంఘాల్లో చాలావాటికి సభ్యుల పేర్ల జాబితా తప్ప సమావేశాల పుస్తకం కనిపించదు. ఊరివాళ్లు వాటిని అడిగి పని చేయించుకుంటే చాలా తేడా వస్తుంది. ఎందుకంటే వీధి దీపాల సంఘంలో ఉన్న మనిషికి ఏ స్తంభం మీద దీపం వెలగడంలేదో రోజూ తెలుస్తుంది. ఆరుబయట రెండు నెలలకొకసారి కూడే సభకు ఆ వివరం అందదు.

నిజంగా గట్టి అధికారం ఉన్నది గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతాల్లో. పంచాయతీ వ్యవస్థను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం అభివృద్ధి ప్రణాళికలను పనులు మొదలుపెట్టకముందే గ్రామసభ ఆమోదించాలి. ఆ పనులకు నిధులు వినియోగమయ్యాయన్న ధ్రువీకరణనూ పంచాయతీ గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2011లో నియమాలు వచ్చాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోనో, ఆసిఫాబాద్‌లోనో గిరిజన గూడేనికి కాగితం మీద ఉన్న ఈ హక్కు మైదాన ప్రాంతంలోని ఊరికి లేదు. వినియోగ ధ్రువీకరణ అధికారం అన్ని గ్రామసభలకూ ఇస్తే చాలు, పనుల నాణ్యత మీద ఊరికి పట్టు వస్తుంది. సభ సంతకం లేనిదే తర్వాతి విడత నిధులు రావని తెలిసినప్పుడు కాంట్రాక్టరూ, ఇంజినీరూ, సర్పంచీ ముగ్గురూ ఊరికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ముందు డబ్బు లెక్క, తర్వాత కోరికల జాబితా

ఏ గ్రామసభ తీర్మానాల పుస్తకం తిరగేసినా కోరికలు దండిగా ఉంటాయి. సీసీ రోడ్డు, కల్యాణ మండపం, శ్మశానానికి ప్రహరీ, బస్ షెల్టర్. వాటిలో చాలావరకు ఏటా అవే, అదే వరుసలో మళ్లీ కనిపిస్తాయి. కారణం ఊరివాళ్ల ఆశ కాదు, డబ్బెంతో చెప్పకుండా ఏం కావాలని అడగడం. హద్దు తెలియనప్పుడు ఎవరూ దేన్నీ వదులుకోరు. అన్నీ రాసుకుంటారు. చివరికి ఏది చేయాలో సభ బయట నిర్ణయమైపోతుంది.

అందుకే సభకు కనీసం రెండు వారాల ముందు ఒక పేజీ లెక్క పంచాయతీ గోడ మీద అతికించాలి. అందులో అయిదే అంకెలు ఉంటే సరిపోతుంది: ఖాతాల్లో నిల్వ, ఈ ఏడాది ఆర్థిక సంఘం నిధుల అంచనా, ఇంటి పన్ను, సంతల వేలం వంటి సొంత ఆదాయం, తప్పనిసరి ఖర్చులు, చెల్లించాల్సిన పాత బిల్లులు.

ఒక లెక్క వేసి చూద్దాం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం నిర్దిష్ట పద్దులకు కట్టేసింది. సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి. తక్కిన 40 శాతమే ఊరు తన అవసరాన్ని బట్టి వాడుకోగలిగింది, అదీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడకూడదు. ఏటా 12 లక్షలు వచ్చే పంచాయతీ అనుకుంటే 3.6 లక్షలు నీటికి, 3.6 లక్షలు పారిశుద్ధ్యానికి పోగా స్వేచ్ఛగా మిగిలేది 4.8 లక్షలు. మూడు మీటర్ల వెడల్పు సీసీ రోడ్డు వంద మీటర్లు వేస్తేనే అందులో పెద్ద భాగం అయిపోతుంది. అంటే ఊరు ఏడాదికి ఎంచుకోగలిగింది ఒక వీధి. ఈ అంకె ముందే తెలిస్తే సభ తీరే మారిపోతుంది. రోడ్డు కావాలనేవాళ్లు మూడు వీధులవాళ్లుంటే ఏ వీధికి ముందు వేయాలో వాళ్లే తేల్చుకోవాలి. సైడు కాలువను పారిశుద్ధ్య పద్దులో చేయించుకోవచ్చని, రోడ్డు డబ్బును దానికి తగలేయక్కర్లేదని అప్పుడే ఎవరో ఒకరు అంటారు.

ఊరి చేతిలో ఉన్న ఆ కొద్ది డబ్బు కూడా చేజారిన సందర్భాలున్నాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల విద్యుత్ బకాయిల కింద జమ చేసుకోవడంపై సర్పంచులు పార్టీలకు అతీతంగా ఆందోళన చేశారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు రావు. గ్రామసభ ఎంత బాగా జరిగినా, ఖాతాలోకి డబ్బు రాని ఊళ్లో తీర్మానం కాగితంగానే ఉండిపోతుంది.

నిధుల రాకపోకలు చూసుకోవడానికి ఇప్పుడు దారులున్నాయి. 2020లో వచ్చిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఏ పంచాయతీదైనా వార్షిక ప్రణాళిక, వచ్చిన నిధులు, చేసిన చెల్లింపులు ఎవరైనా చూడవచ్చు. డిగ్రీ చదువుతున్న పిల్లలున్న ఇల్లు ప్రతి వీధిలో ఉంది. సభకు ముందు ఆ చెల్లింపుల పేజీ అచ్చు తీసి తెచ్చేవాళ్లు ఇద్దరుంటే చర్చ గాలిలో నడవదు.

సభకు ముందు ఊరు నడిచి చూడాలి

పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, ఊళ్లో అందరూ జీపీడీపీ అనేది, ఏటా అక్టోబరు 2 నుంచి ప్రచార కార్యక్రమంగా తయారవుతుంది. మార్గదర్శకాలు చెప్పే క్రమం బాగానే ఉంది: సమాచారం సేకరించడం, ఊరు తిరిగి చూడడం, వార్డుల్లో, సంఘాల్లో మాట్లాడడం, ముసాయిదా, సభ ఆమోదం. జరిగేది మాత్రం తరచూ తలకిందులుగా ఉంటుంది. పోర్టల్లో గడువు దగ్గర పడుతుంది, కార్యదర్శి నిరుటి ప్రణాళికలో అంకెలు మార్చి ఎక్కిస్తారు, తర్వాత సంతకాల కోసం సభ పెడతారు. మూడు శాఖల యాప్‌లు, పన్ను వసూళ్లు, పారిశుద్ధ్యం అన్నీ ఒక్క మనిషి నెత్తిన పెట్టి ఇంకోలా ఆశించడమూ న్యాయం కాదు. కాబట్టి ఈ పనిలో కార్యదర్శికి ఊరు చేయి కలపాలి.

ఊరు తిరిగి చూడడానికి ఒక పూట చాలు. ఎనిమిది పది మంది, అందులో సగం మంది ఆడవాళ్లు, ఊరి ఎత్తయిన చోటు నుంచి పల్లం వైపు నడవాలి. నీరు పారే దారే నడిచే దారి కావాలి. ఎక్కడ మురుగు నిలుస్తోంది, ఏ కొళాయికి నీరు చివర్లో సన్నగా వస్తోంది, ఏ స్తంభం దగ్గర చీకటి, అంగన్‌వాడీకి వెళ్లే పిల్లలు ఏ బురద దాటాలి అన్నవి రాసుకోవాలి. తిరిగొచ్చాక రచ్చబండ దగ్గర నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి వాటిని గుర్తు పెడితే చదువు రానివాళ్లు కూడా చేయి పెట్టి సరిదిద్దుతారు. పటంలో తమ ఇల్లు లేదని ఎవరైనా అంటే ఆ వీధికి ఎవరూ వెళ్లలేదని అర్థం.

పెద్ద సభలో మాట్లాడేది పది పన్నెండు మంది. శివారు గూడెంవాళ్లు, ఎస్సీ కాలనీవాళ్లు, తండావాళ్లు, ఆడవాళ్లు వెనక నిలబడి విని వెళ్లిపోతారు. దీనికి మందు సభకు ముందు చిన్న సభలు. ప్రతి ఆవాసంలో ఒకటి, గ్రామ సమాఖ్య సమావేశం రోజున మహిళలది ఒకటి. వాళ్లు తమ మూడు ముఖ్యమైన పనులు కాగితం మీద రాసి, తమలో ఇద్దరి చేత పెద్ద సభలో చదివించాలి. వేళ కూడా తేల్చాల్సిన సంగతే. పొద్దున పదకొండింటికి సభ పెడితే కూలికి వెళ్లేవాళ్లెవరూ రారు. నాట్ల రోజుల్లో అసలే రారు. పొద్దుగూకే వేళ, దీపాల వెలుతురులో పెట్టిన సభకు జనం వస్తారు. చాటింపు సభకు వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి వేయించాలి. ఎజెండా కూడా చాటించాలి.

ఏ పని ముందు అన్నది చేతులెత్తించి తేల్చితే పెద్ద కులం, పెద్ద వీధి గెలుస్తాయి. పనికొక డబ్బా పెట్టి, మనిషికి మూడు చింతపిక్కలిచ్చి వేసుకోమంటే ఎవరు దేనికి వేశారో తెలియదు, లెక్కా తేలిపోతుంది. అయితే లెక్క ఒక్కటే చాలదు. ఇరవై ఇళ్ల కాలనీకి అసలు నీళ్లే రాకపోతే రెండొందల ఇళ్ల వీధికి దీపాలు మార్చడం కంటే అదే ముందు. అందుకని పిక్కలు వేయకముందే సభ ఒక నియమం పెట్టుకోవాలి: తాగునీరు అందని చోటుకు నీరు, ముంపు ఉన్న చోట కాలువ మొదట. మిగిలిన డబ్బుకే పోటీ.

తీర్మానం ఎలా రాయాలి

సభలో గెలిచిన మాట పుస్తకంలో ఓడిపోవడం చాలా మామూలు. 'ఎస్సీ కాలనీలో డ్రైనేజీ నిర్మించుటకు సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాస్తే దాన్ని ఎవరు ఎలాగైనా తిప్పుకోవచ్చు. కాలనీ మొదట్లో పాతిక మీటర్లు కట్టి తీర్మానం అమలైందనవచ్చు. అదే తీర్మానాన్ని ఇలా రాయాలి: 'ఎస్సీ కాలనీ రెండో వీధిలో అంగన్‌వాడీ నుంచి ఊరి చివర ఇంకుడు గుంత దాకా ఎడమ పక్కన సుమారు 180 మీటర్ల సిమెంటు కాలువ. నిధి: ఆర్థిక సంఘం పారిశుద్ధ్య పద్దు. ప్రాధాన్యం: రెండు. ఎస్టిమేట్ తర్వాతి సభకు తేవాలి.' ఎక్కడ నుంచి ఎక్కడికి, ఎంత, ఏ పద్దు, ఎన్నో వరుస, ఎప్పటికి అనే అయిదూ ఉంటే తప్పించుకోవడం కష్టం. కాలువ చివర నీరు ఎక్కడికి పోవాలో తప్పక రాయాలి. చివర లేని కాలువ దోమల తొట్టి అవుతుంది, నలుగురి వీధిలో మురుగు తెచ్చి అయిదోవాళ్ల గుమ్మం ముందు పోస్తుంది.

సంతకాల దగ్గరే పెద్ద మోసం జరిగే వీలుంది. సభ మొదట్లో హాజరు పేరుతో ఖాళీ పేజీల మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకుని తీర్మానాలు తర్వాత రాస్తారు. కోరం చాలకపోతే మర్నాడు ఇంటింటికీ పుస్తకం తిరుగుతుంది. దీనికి విరుగుడు సులువు. తీర్మానాలు సభలోనే రాసి, పైకి చదివి, కింద మిగిలిన ఖాళీకి అడ్డగీత కొట్టి, ఆ గీత కిందే సంతకాలు చేయాలి. ఆ పేజీలను ముగ్గురు నలుగురు సెల్‌ఫోన్లో ఫొటో తీసుకోవాలి. పుస్తకం మొత్తం చూడాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. తెలుగు రాష్ట్రాల నియమాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పనులను స్వయంగా వెళ్లి పరిశీలించే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి, వాటిని వాడేవాళ్లు మాత్రం తక్కువ.

వంద మీటర్ల రోడ్డు: ఎక్కడ చూడాలి

ఊరి మాటకు అసలు పరీక్ష పని దగ్గర. సీసీ రోడ్డునే తీసుకుందాం, ఎందుకంటే ఊళ్లల్లో ఎక్కువగా జరిగేది అదే, ఎక్కువగా చెడేదీ అదే.

వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 360 బస్తాలు. మందం 150 బదులు 120 వేస్తే కాంక్రీటు 36 ఘనపు మీటర్లే పడుతుంది. 72 బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసుక, కంకర మిగిలిపోతాయి. పైనుంచి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా ఉంటాయి. మూడో ఏడు ట్రాక్టర్లు తిరిగాక తేడా బయటపడుతుంది.

అంచు దగ్గర టేపు పెట్టి కొలిస్తే ఈ తప్పు దొరకదు. అంచులో 150 సరిగ్గా ఉంచి, మధ్యలో మట్టిని మెట్టగా వదిలేస్తే నడుమ కాంక్రీటు పలచబడుతుంది. కాంక్రీటు పోయకముందే చూడాలి. రెండు పక్కల బిగించిన పలకల పై అంచుల మీదుగా అడ్డంగా నూలుతాడు లాగి పట్టి, తాడు నుంచి నేల దాకా మూడు చోట్ల కొలవాలి. రోడ్డు నడుమ కాస్త ఎత్తుండి నీరు పక్కలకు జారాలి కాబట్టి కాంక్రీటు మధ్యలో తాడుకంటే పైకి వస్తుంది, అక్కడ కొలత అంచుకంటే ఆ మేరకు తగ్గినా తప్పు కాదు. మూడు మీటర్ల రోడ్డుకు నడుమ దాదాపు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుండాలి, కొలత అంతకు మించి తగ్గితే కాంక్రీటు పలచబడినట్టే. ఇది పది నిమిషాల పని, ఏ చదువూ అక్కర్లేదు.

మిశ్రమం జారుగా ఉంటే పరచడం తేలిక, మేస్త్రీలకు అదే ఇష్టం. నీళ్లెక్కువైతే పైన పొర లేచి దుమ్ము రాలుతుంది. మూడు నాలుగు మీటర్లకొక చోట అడ్డకోత పడాలి. కోత వేయకపోతే కాంక్రీటు తనంతట తానే ఎక్కడపడితే అక్కడ పగులుతుంది. తర్వాత కనీసం 14 రోజులు మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఎండాకాలంలో వేసిన రోడ్లు పాడవడానికి పెద్ద కారణం ఈ నీళ్లు లేకపోవడమే. నీళ్లు పెట్టే బాధ్యత ఎవరిదో ఆ వీధివాళ్లు ముందే తేల్చుకుంటే, కాంట్రాక్టరు మాట తప్పినా వీధి రోడ్డు నిలబడుతుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది వరుస. ముందు నీటి పైపు, తర్వాత కాలువ, ఆ తర్వాతే రోడ్డు. మూడు వేర్వేరు పద్దులు, మూడు వేర్వేరు శాఖల కింద వస్తాయి కాబట్టి రోడ్డు వేసిన ఏడాదికే కొళాయి పైపు కోసం దాన్ని కోసేస్తారు. ఇంటింటికీ కొళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్ పైపులు వేసిన రోజుల్లో ఊరూరా ఇదే కనిపించింది. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తే వీధి ఎత్తు పెరిగి వాన నీరు ఇళ్లల్లోకి వస్తుంది. పాతకాలపు ఇళ్ల గడపలు పల్లంలో ఉండే వీధుల్లో పని మొదలయ్యేలోపే ఇళ్లవాళ్లు నిలబడి మట్టం గుర్తు పెట్టించుకోవాలి. వేశాక చేసేదేమీ ఉండదు.

పని జరిగేటప్పుడు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలతలు రాసే పుస్తకమే ఎం-బుక్. బిల్లు దాని మీదే వస్తుంది. గ్రామసభ అడగాల్సిన కాగితాలు రెండే: ఎస్టిమేట్ నకలు, ఎం-బుక్ నకలు. ఎస్టిమేట్ మొత్తంలో జీఎస్టీ, ఇసుక, కంకరల మీద కట్టే సీనరేజి, కార్మిక సంక్షేమ సెస్సు వంటివి కలిసి ఉంటాయి కాబట్టి మంజూరైనదంతా కాంక్రీటులో కనిపించాలని వాదించడం తప్పు. అందుకే రూపాయల కంటే కొలతల మీద గొడవ పడాలి. పొడవు, వెడల్పు, మందం, బస్తాలు. ఆ వీధివాళ్లే అయిదుగురు పని పరిశీలన సంఘంగా ఏర్పడి, రోజువారీ సిమెంటు బస్తాల లెక్క నోటుపుస్తకంలో రాసి, బిల్లు పెట్టకముందు తమ లెక్కను సభకు చెప్పగలిగితే ఆ రోడ్డు చాలా ఏళ్లు నిలుస్తుంది.

కట్టాక ఎవరు చూసుకుంటారు

తాగునీటి విషయంలో ఊరి పాత్ర చట్టంలోకి, మార్గదర్శకాల్లోకి బాగానే వచ్చింది. జల్ జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యం. గ్రామ నీటి, పారిశుద్ధ్య సంఘంలో సగం మంది మహిళలుండాలి. ఊరి లోపలి పనుల ఖర్చులో ఊరు 10 శాతం, గిరిజన, దళిత జనాభా సగానికి మించిన చోట 5 శాతం భరించాలి. ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలి. 1,500 మంది ఊరికి రోజుకు 82,500 లీటర్లు కావాలి. ట్యాంకు 40,000 లీటర్లదైతే రోజుకు రెండుసార్లకు పైగా నింపాలి. రెండుసార్లు నింపే కరెంటు ఉందా, మోటారు ఉందా అన్న ప్రశ్న ట్యాంకు ప్రారంభోత్సవానికి ముందే అడగాలి. చివరి వీధికి నీరు అందకపోవడానికి పైపు సన్నమవడం ఒక కారణం, ముందు ఇళ్లవాళ్లు కొళాయికి నేరుగా మోటారు బిగించడం ఇంకో కారణం. రెండోదాన్ని ఏ అధికారీ ఆపలేడు, ఊరు కూర్చుని మాట్లాడుకుంటేనే ఆగుతుంది.

వీధి దీపాలకే విడిగా లాగే తీగ, అంటే థర్డ్ వైర్, లేకపోతే పగలూ వెలుగుతూనే ఉంటాయి. ఆ బిల్లు పంచాయతీ నెత్తినే పడి, చివరికి నిధుల్లోంచి పోతుంది. తీర్మానంలో దీపాలు అడిగేటప్పుడే వైరు, స్విచ్చు, మీటరు కూడా అడగాలి.

తనిఖీకి మనకున్న అనుభవం

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకే ఇచ్చింది. దాన్ని దేశంలో అందరికంటే ముందు పద్ధతిగా చేసి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లో మొదలై, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. ఊళ్లో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ పంపి, పని జరిగిన చోట కొలతలు తీయించి, గ్రామసభలో చదివించి, మండల కేంద్రంలో బహిరంగ విచారణ పెట్టారు. పనికి రానివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల వేలిముద్రలు, లేని గుంతలు అన్నీ బయటపడ్డాయి. తెలుగు రాష్ట్రాలు దేశానికి ఇచ్చిన గొప్ప పద్ధతుల్లో ఇది ఒకటి.

అది బలహీనపడింది తర్వాతి మెట్టులో. అవకతవకలు తేలినా, ఆ డబ్బు తిరిగి వసూలైంది కొద్ది భాగమే. శిక్ష పడింది చాలా తక్కువమందికి. మండల వేదిక మీద భయపడకుండా నిలబడి మాట్లాడిన కూలీ ఆర్నెల్ల తర్వాత అదే మేటు (కూలీల గుంపు పెద్ద), అదే అధికారి కింద పనికి వెళ్లాల్సి వచ్చింది. అందుకే ప్రతి గ్రామసభ ఎజెండాలో మొదటి అంశం గత సభ తీర్మానాలు, గత తనిఖీ అభ్యంతరాలు ఏమయ్యాయన్నది కావాలి. దానికి జవాబు రాకుండా కొత్త పనుల జాబితాలోకి వెళ్లకూడదని సభ పట్టుబట్టాలి.

సభ చిన్నదైతే, డబ్బు పెద్దదైతే

కేరళ 1996 ఆగస్టులో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చింది. అక్కడ గ్రామసభ వార్డుకొకటి. సభ తర్వాత అంశాలవారీ కార్యాచరణ బృందాలు, అభివృద్ధి సదస్సు, ఆపైన ప్రణాళిక. రిటైరైన ఇంజినీర్లు, వైద్యులు, బ్యాంకు ఉద్యోగులు స్వచ్ఛందంగా ఎస్టిమేట్లు చూసి సాయపడ్డారు. తెలుగు ఊళ్లలోనూ రిటైరైన ఇంజినీర్లకు, మేస్త్రీలకు, లెక్కలు తెలిసిన మాస్టర్లకు కొదవ లేదు. వాళ్లను ఎవరూ పిలవడంలేదు.

తెలంగాణ 2018లో 500 జనాభా దాటిన తండాలు, గూడేలను పంచాయతీలు చేయడంతో మొత్తం సంఖ్య 12,700 దాటింది. తండావాసి సొంత సర్పంచిని, సొంత సభను చూసుకోగలిగాడు. దశాబ్దాల కోరిక అది, న్యాయమైనది. కానీ నిధులు జనాభా లెక్కన వచ్చే చోట చిన్న పంచాయతీకి వచ్చేదీ చిన్నదే. ఆ తర్వాత 2019 నుంచి పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక) వచ్చాయి. ఊళ్లు శుభ్రపడ్డాయి, దానిలో సందేహం లేదు. అయితే మూడు వేల మంది ఊరికీ ఆరు వందల మంది తండాకూ జాబితా ఒకటే. చిన్న పంచాయతీలో ట్రాక్టరు వాయిదా, డీజిలు, డ్రైవరు జీతం కలిసి ఆదాయంలో పెద్ద భాగం మింగేశాయి. రెండు మూడు తండాలు కలిసి ఒక ట్రాక్టరు పెట్టుకుంటామని చెప్పే వీలు ఆ పథకంలో ఉంటే అదే డబ్బుతో ఇంకో బోరు పడేది. పై నుంచి వచ్చిన పని మంచిదైనా ఎంపిక ఊరిది కానప్పుడు నిర్వహణ ఖర్చు మాత్రం ఊరి మీద పడుతుంది.

వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో తాగునీరు, పారిశుద్ధ్యం, పొదుపు, మద్యనిషేధం వంటి ఒక్కో అంశానికి ఒక్కో కమిటీ వేసుకుని ఊరే నడిపించుకుంది. ఆ ఊరిని చూడటానికి వచ్చేవాళ్లు తళతళలాడే వీధులు చూసి వెళతారు. చూసి నేర్చుకోవాల్సింది ఆ కమిటీలు క్రమం తప్పకుండా కూర్చోవడం, వసూలైన ప్రతి రూపాయి లెక్క అందరి ముందు చదవడం.

పట్టణాల్లో పరిస్థితి ఇంకా వెనకబడి ఉంది. 74వ సవరణ మూడు లక్షల జనాభా దాటిన నగరాలకు వార్డు కమిటీలు తప్పనిసరి చేసింది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు పెట్టమంది. వాటి చేతికి వార్డుకు కేటాయించిన మొత్తం ఇదీ అని రాతపూర్వకంగా ఇచ్చే ఏర్పాటు లేదు. కాలనీ సంక్షేమ సంఘాలు గట్టిగా అడగాల్సింది అదే: బడ్జెట్ సమావేశానికి ముందు వార్డువారీ కేటాయింపు, పని మొదలయ్యేటప్పుడు వీధి మొదట్లో ఎస్టిమేట్ వివరాలతో బోర్డు, బిల్లుకు ముందు కమిటీ సమక్షంలో కొలత. ఊరివాళ్లకు చెప్పిన నూలుతాడు కొలత నగరంలోని వీధికీ సరిపోతుంది.